మాకూ మూడో స్థాయి ఇప్పించగలరు

లోసాక్,
జూలై 2.

ఉప జిల్లా కార్యాలయంలో భద్రత సంగతులు చూసేవారికి,

లోసాక్ మేయరు ఫెర్నాన్ రిగాల్ నమస్కరించి రాసుకునేది. ఇక్కడ నేనూ నా ఆవులూ కులాసా. మీరూ కులాసా అని తలుస్తాను.

మీరు పంపిన ఎర్ర త్రిభుజం కాగితం అందింది. దేశానికి ఉగ్రవాదుల ముప్పు రెండో స్థాయిలో ఉందనీ, ఆ సంగతి అందరికీ కనబడేలా అంటించమనీ రాశారు. మేయరాఫీసు తలుపు మీద, వేటగాళ్ళ సంఘం నోటీసు పక్కన అంటించాం. ఊరంతా వచ్చి చదివింది. ఊరంతా అంటే మరీ జనసముద్రం అనుకోకండి, రెండు బెంచీలు వేస్తే అందరం సర్దుకుంటాం.

అసలు సంగతికొస్తాను. కొండ అవతల మోంతెల్ అని ఓ ఊరుంది. ఆ ఊరి మేయరు ట్రూపెల్ మొన్న పశువుల సంతలో పదిమంది ముందూ నన్ను పట్టుకుని, "మాది మూడో స్థాయి తెలుసా? పోయినేడు మా పండక్కి ఇద్దరు పోలీసులొచ్చి నిలబడ్డారు. మీకెవరొచ్చారు?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఊళ్ళ అందానికి పెట్టే పూల పోటీలో ఊరి మొదట బోర్డు మీద వాళ్ళకి మూడు పూల గుర్తులిచ్చారు, మాకు రెండు. పోనీ, వాళ్ళ వైపు ఎండ బాగా పడుతుందని సరిపెట్టుకున్నాం. ప్రమాదంలో కూడా వాళ్ళకంటే మేం తక్కువేనా?

కాబట్టి మా ఊరిని మూడో స్థాయికి పెంచి, ఆగస్టు 16న ఇద్దరు పోలీసుల్ని పంపించమని మనవి. ఎందుకో కూడా దాపరికం లేకుండా చెబుతాను. ఆ రోజు పునీత రోష్ పండగ. ప్లేగు రోజుల్లో మా ఊరిని కాపాడినవాడు ఆయనే. నిలువెత్తు ఓక్ చెక్క విగ్రహం, పక్కన కుక్క. ఆయన్ని నలుగురు భుజాల మీద ఊరేగించాలి. ఆ నలుగురూ ఊరివాళ్ళైనా కావాలి, ఆ రోజు ఊరి కాపలాలో ఉన్నవాళ్ళైనా కావాలి. అది ప్లేగు నాటి మొక్కు, కూలికి మనుషుల్ని పెట్టుకోవడానికి వీల్లేదు. ఊళ్ళో అంత బరువెత్తగలిగినవాళ్ళం ఇద్దరమే మిగిలాం, నేనూ, పాలలారీ నడిపే జొజెట్టూ. మూడేళ్ళుగా ఆయన చర్చి గడప దాటలేదు. ఈసారి కూడా దాటకపోతే మోంతెల్ చర్చికి తరలిస్తామని బిషప్పు గారి కమిటీ రాసింది. విగ్రహం ఊరి ఆస్తి గనక ఆ కాగితం మీద మేయరు సంతకం కావాలట.

నేను మేయరయ్యాక బడి మూతకి సంతకం పెట్టాను. పోస్టాఫీసు మూతకి పెట్టాను. బస్సు ఆపడానికీ పెట్టాను. ఇది మాత్రం పెట్టలేను.

ఇట్లు విధేయుడు,
ఫెర్నాన్ రిగాల్

తా.క.: మూడో స్థాయి కుదరకపోతే రెండున్నరతో సర్దుకుంటాం. మోంతెల్ వాళ్ళకి చెప్పకండి.

* * *

ఉప జిల్లా కార్యాలయం, భద్రతా విభాగం,
జూలై 8.

లోసాక్ మేయరు మహోదయులకు,

తమ లేఖ అందినది. జాతీయ ప్రమాద స్థాయి అనునది యావద్దేశమునకు ఒక్కటే. గ్రామములకు విడివిడిగా ప్రదానము చేయబడదు. మోంతెల్ గ్రామమునకు మూడవ స్థాయి ఉన్నదనుట వదంతి మాత్రమే. నిరుడు అచ్చట కనిపించిన పోలీసులు ఇద్దరూ సెలవుపై భోజనమునకు వచ్చినవారని విచారణలో తేలినది.

విగ్రహ విషయము మా విభాగ పరిధిలోనిది కాదు. అంతియే కాక, ప్రభుత్వోద్యోగులు విధులలో ఉండి మతోత్సవ విగ్రహములను మోయుట చట్టసమ్మతము కాదు.

అయినను, తమ గ్రామమునకు విశేష ప్రమాదము కలదని తాము భావించుటకు ఆధారములేవైనా ఉన్నచో తెలుపగలరు. అంతవరకు గ్రామస్థులు అప్రమత్తులై ఉండవలెను. అపరిచితులు కనిపించినచో మర్యాదగా ప్రశ్నించవలెను. సంతృప్తికరమైన సమాధానము రానిచో వారిని కనిపెట్టి ఉండవలెను.

మేయరు మహోదయా, నా విశిష్ట అభివాదములను స్వీకరింపుడని ప్రార్థించుచు,
సోలెన్ కెర్‌బ్రా,
భద్రతా విభాగ సహాయాధికారిణి

తా.క.: రెండున్నర స్థాయి అనునది లేదు.

* * *

లోసాక్,
జూలై 15.

సోలెన్ కెర్‌బ్రా గారికి నమస్కారాలు.

మీ విశిష్ట అభివాదములు అందాయి. ఈ మధ్య మా ఊరికి ప్రభుత్వం నుంచి వచ్చినవాటిలో మంచి వస్తువు అదొక్కటే.

మీరు చెప్పినట్టే అప్రమత్తంగా ఉన్నాం. లెయోనీ అవ్వా, క్లెమాన్స్ అవ్వా పొద్దున్నే అల్లిక సూదులు పట్టుకుని కుళాయి గట్టు మీద కూర్చుంటున్నారు. వాళ్ళ కళ్ళు కప్పి ఈగ కూడా ఊళ్ళోకి రాలేదు. మొదటిరోజు జున్ను కొనడానికొచ్చిన హాలండు దంపతులు దొరికారు. వాళ్ళ బండి మొత్తం దింపించి చూశారు. తరవాత నీటి మీటరు అబ్బాయి. ఆ తరవాత కొత్త ఫాదరు గారు. పాపం, ఆయనకి చుట్టుపక్కల ఉన్న చర్చిలన్నీ అప్పగించడంతో మా వంతు ఇప్పుడొచ్చింది. ఎవరూ ఆయన్ని చూసెరగరు. "ఫాదరువైతే విశ్వాస ప్రమాణం ప్రార్థన అప్పజెప్పు" అంది లెయోనీ అవ్వ. మధ్యలో ఒకచోట తడబడ్డాడు. ఇంకా నిఘాలోనే ఉన్నాడు.

ప్రమాదానికి ఆధారాలేమిటని అడిగారు. బడి పోయింది, పోస్టాఫీసు పోయింది, డాక్టరు పోయాడు, రొట్టెల కొట్టు పోయింది. ఇన్ని పోయిన ఊరికి ప్రమాదం లేదంటే నేనెలా నమ్మను చెప్పండి?

స్థాయి దేశమంతటికీ ఒక్కటే అన్న మీ మాట ఊళ్ళో చదివి వినిపించాను. ఎవరూ నమ్మలేదు. "ప్రభుత్వం దేన్నైనా అందరికీ సమానంగా పంచిందా ఎప్పుడైనా?" అంది జొజెట్. అందుకని ఊరి మొదట్లో పూల బోర్డు కింద రెండు ఎర్ర త్రిభుజాలు కొట్టించాం. తెల్లారేసరికి ట్రూపెల్ వాళ్ళ బోర్డుకి మూడు కొట్టించాడు.

పైగా మోంతెల్‌లో ఏం పుకారు పుట్టించారో తెలుసా? ఉగ్రవాదులు పటం ముందేసుకుని వెతికితే లోసాక్ కనబడలేదట, దాడి చెయ్యడానిక్కూడా పనికిరాని ఊరట. అది విని క్లెమాన్స్ అవ్వ ఏడ్చింది. ఎనభై దాటిన మనిషి. "నేను పుట్టిన ఊరు పటంలో లేదా ఫెర్నాన్?" అని అడిగింది. ఏం చెప్పను?

మీ
ఫెర్నాన్ రిగాల్

తా.క.: చట్టం సంగతి అర్థమైంది. పోలీసులు మోయనక్కర్లేదు. కాపలా కాస్తూ కాస్తూ కాస్త భుజం ఆనిస్తే చాలు.

* * *

భద్రతా విభాగం,
జూలై 22.

మేయరు గారికి,

ముందు ఆ బోర్డు తీయించండి. కూర్చుని గ్రాంథికంలో రాసేంత తీరిక లేదు, ఉన్నమాట సూటిగా రాస్తున్నాను, మన్నించాలి.

మీ ఉత్తరం వచ్చిన వారంలోనే లోయలో ఉన్న మరో ఐదుగురు మేయర్లు మూడో స్థాయి కావాలని రాశారు. వాళ్ళలో ట్రూపెల్ గారైతే ఏకంగా నాలుగో స్థాయే అడిగారు. అలాంటిది లేదని చెబితే, "కొత్తది పెట్టండి, మేం మొదలెడతాం" అన్నారు.

ఇవన్నీ మా పెద్దసారు వాలోన్ గారి బల్ల మీదకి చేరాయి. "ఆరుగురు మేయర్లు ఊరికే అడగరు కెర్‌బ్రా. పల్లెటూరి వాళ్ళు నోరు విప్పరు గానీ అన్నీ చూస్తుంటారు. వీళ్ళకేదో తెలుసు" అంటున్నారు. ఇది పూలబోర్డు తగాదా సార్ అని ఎంత మొత్తుకున్నా వినడం లేదు. గోడకి పటం తగిలించారు. రేపో ఎల్లుండో ఒక ఇన్‌స్పెక్టరుని మీ ఊరికి పంపుతున్నారు. దయచేసి ఆయనకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఒక్క పొల్లుమాట వద్దు. మీ ఊళ్ళో అందరికీ చెప్పండి, నిజం మాత్రమే చెప్పమని.

అభివాదములతో,
సోలెన్ కెర్‌బ్రా

తా.క.: క్లెమాన్స్ గారితో చెప్పండి, లోసాక్ పటంలో ఉంది. నేను కళ్ళారా చూశాను. మా సారు గుండుసూది గుచ్చింది అక్కడే.

* * *

లోసాక్,
జూలై 28.

అమ్మా సోలెన్,

ఇకనించీ గారూ గీరూ లేకుండా ఇలాగే రాస్తాను, ఏమీ అనుకోకు. నువ్వు రాసిన గుండుసూది ముక్క క్లెమాన్స్ అవ్వ కత్తిరించి ప్రార్థన పుస్తకంలో పెట్టుకుంది. ఊరంతా కొండవేళ్ళతో కాచే జెన్షియన్ సారా పోసుకున్నాం. ఆ సూది ఏ రంగో కాస్త తెలియజెయ్యి, ట్రూపెల్ అడుగుతున్నాడు.

మీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మంచివాడే గానీ కంగారు మనిషి. నేను ఆవుల దగ్గరున్నాను. ఆయన సరాసరి లెయోనీ అవ్వ దగ్గరకెళ్ళి, "ఈ ఊళ్ళో ఏం జరగబోతోందో మీకు తెలిసింది చెప్పండి" అన్నాడట. నిజమే చెప్పాలని నువ్వు రాశావు కదా, అవ్వ అక్షరం పొల్లుపోకుండా నిజమే చెప్పింది.

"పదహారో తారీకున జరుగుతుంది బాబూ. మొత్తం నలుగురు కావాలి. ఇద్దరు ఇక్కడే సిద్ధంగా ఉన్నారు. మిగతా ఇద్దరూ బయటినుంచి రావాలి."

"ఏం చేస్తారు?"

"చాలా బరువైంది. చర్చిలోంచి బయటకి తీస్తారు. చేతులు వణికితే అంతే సంగతులు, కింద ఎవరుంటే వాళ్ళు పోతారు."

"దీనికి నాయకుడెవరు?"

"రోష్. పైకి ఎంత మంచివాడిలా ఉంటాడో! కుక్క ఎప్పుడూ పక్కనే ఉంటుంది."

అవ్వ కాఫీ పెడతానన్నా ఆగలేదట. రాసుకున్న పుస్తకం జేబులో కుక్కుకుని కారెక్కేశాడట పాపం. ఇంత ఉన్నదున్నట్టు చెప్పినా మీవాళ్ళు సాయం చెయ్యకపోతే ఇంక మా ఖర్మ.

నీ శ్రేయోభిలాషి,
ఫెర్నాన్

తా.క.: బోర్డు తీయమన్నావు. మోంతెల్ వాళ్ళు ముందు తీస్తే మేం తీస్తాం. వాళ్ళూ ఇదే అంటున్నారు.

* * *

భద్రతా విభాగం,
ఆగస్టు 4.

మేయరు గారూ,

ఇన్‌స్పెక్టరు నివేదిక చదివి వాలోన్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. రోష్ అంటే విగ్రహం సార్, చెక్క విగ్రహం అన్నాను. "సంకేత భాష కెర్‌బ్రా, నువ్వింకా చిన్నదానివి" అన్నారు. కుక్క కూడా చెక్కదే సార్ అన్నాను. నా వైపు జాలిగా చూశారు.

ఏమైతేనేం, ఆగస్టు 16న మీ ఊరికి నలుగురు పోలీసులు వస్తున్నారు. ఉత్తర్వు నేనే టైపు చేశాను. చట్టం ప్రకారం వాళ్ళు మోయకూడదు, అది మీకు రాశాను, మళ్ళీ రాస్తున్నాను. కానీ పోలీసుకి భుజం ఎక్కడ ఆనించాలో చెప్పే నిబంధన ఏదైనా ఉందేమోనని వెతికాను. నాకు దొరకలేదు. బహుశా సరిగ్గా వెతకలేదేమో.

మాది సముద్రపు ఒడ్డు ఊరు. అక్కడ పడవల పండగ ఉండేది. పడవలు తగ్గిపోయి ఆపేశారు. ఆ రోజు మా నాన్న కొత్త చొక్కా వేసుకుని ఇంట్లోనే కూర్చున్నాడు. మీ ఉత్తరాలు చదివినప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు.

స్నేహాభివాదములతో,
సోలెన్

తా.క.: సూది ఎరుపు. మోంతెల్‌ది పసుపు. ఇది అధికారిక రహస్యం, ట్రూపెల్ గారికి ఒక్కసారి చెబితే చాలు.

* * *

భద్రతా విభాగం,
ఆగస్టు 13.

మేయరు గారూ,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నిన్న సాయంత్రం జాతీయ ప్రమాద స్థాయిని ఒకటికి తగ్గించారు. దేశానికిది శుభవార్త. ఆఫీసులో అందరూ ఒకరికొకరు చేతులు కలుపుకుంటుంటే నేనొక్కదాన్నే ఏడుపు మొహం పెట్టుకు తిరుగుతున్నాను.

అదనపు బందోబస్తులన్నీ రద్దు చేశారు. మీ నలుగురు పోలీసులు కూడా రద్దు. వాలోన్ గారి గదిలోకెళ్ళి బతిమాలాను. ఆయన పటం వైపు చూస్తూ, "స్థాయి తగ్గితే ఆరుగురు మేయర్లు అడిగినదానికి కారణం కూడా తగ్గిపోతుందా?" అన్నారు. అంతే, తలుపు వేసుకున్నారు. పోనీ నేనే వద్దామంటే పండగ వారం డ్యూటీ అంతా నా నెత్తినే పడింది.

క్షమించండి. బిషప్పు గారి కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక్కరోజు ఆగండి. ఎందుకని అడగొద్దు, నాకూ తెలియదు.

మీ
సోలెన్

* * *

లోసాక్,
ఆగస్టు 15.

అమ్మా సోలెన్,

అందింది. నీ తప్పేముంది, బాధపడకు.

బోర్డు మీంచి ఒక త్రిభుజం పీకేశాం. మోంతెల్ వాళ్ళు మూణ్ణించి ఒకటికి పడ్డారు, మేం రెండునించే పడ్డాం. ఊళ్ళో అదొక్కటే ఓదార్పు.

బిషప్పు గారి కాగితం బల్ల మీదే ఉంది. కలం కనబడలేదని ఇవాళ్టికి తప్పించుకున్నాను. కలం చెవి మీదే ఉందని జొజెట్ చూసింది, అయినా నాతోపాటు బల్ల కింద వెతికింది. ఇవాళ చర్చికెళ్ళి రోష్ ముందు కూర్చున్నాను. నాకు బతికున్నవాళ్ళకి క్షమాపణ చెప్పడం అలవాటైపోయింది గానీ, చెక్క బొమ్మకి చెప్పలేకపోయాను.

ఫెర్నాన్

తా.క.: ఇవాళ తా.క.లో రాయడానికేమీ లేదు.

* * *

లోసాక్,
ఆగస్టు 18.

తల్లీ సోలెన్,

మీ పెద్దసారు రెండు రోజులుగా ఆఫీసుకి రావడం లేదు కదూ? టెన్నిస్ ఆడుతుంటే భుజం పట్టేసిందని కబురు చేసుంటాడు. నమ్మినట్టే ఉండు. జరిగింది నేను చెబుతాను, చదివి ఈ ఉత్తరం పొయ్యిలో పడెయ్యి.

పదహారో తారీకు పొద్దున్నే పూజకి గంట కొట్టాం. ఊరేగింపు ఉండదని అందరికీ తెలుసు, అయినా అందరూ పండగ బట్టలు కట్టుకునే వచ్చారు. అంతలో బూడిదరంగు కారొకటి వచ్చి కుళాయి దగ్గర ఆగింది. ఇద్దరు మనుషులు దిగారు. నల్ల కళ్ళద్దాలు, తళతళలాడే రబ్బరు బూట్లు, రైతుల టోపీలు. ఒకడి టోపీకి కొట్టువాడి చీటీ ఇంకా వేలాడుతోంది. పొడుగాయన చర్చి తలుపుకి ఫోటో తీశాడు. అంతే, లెయోనీ అవ్వ అల్లిక పక్కన పెట్టింది.

"ఎవరు బాబూ మీరు?" అంది, నువ్వు రాసినట్టే మర్యాదగా.

"యాత్రికులం."

"ఏ ఊరు?"

"అది చెప్పకూడదు" అన్నాడు పొట్టివాడు. పొడుగాయన వాడి కాలు తొక్కాడు.

సంతృప్తికరమైన సమాధానం రాలేదు గదా! ఆడవాళ్ళు పండగ వంటకోసం ఆలిగో, అదే జున్నూ బంగాళాదుంపల ముద్ద, కలుపుతున్నారు, ఆ గరిటెలతోనే వచ్చి చుట్టుముట్టేశారు. స్థాయి ఒకటికి తగ్గిందని నేను గుర్తుచేశాను. "తగ్గినా జాగ్రత్తగా ఉండమన్నారు గానీ నిద్రపొమ్మన్నారా?" అంది అవ్వ. పొడుగాయన మొహం ఎర్రబడిపోయింది. "నేనెవరో తెలుసా మీకు?" అన్నాడు.

"ఇందాకట్నించీ అడుగుతున్నది అదేగా నాయనా!" అంది అవ్వ.

ఆయన జేబులోకి పోనిచ్చిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇద్దర్నీ అదుపులోకి తీసుకున్నాం. ఏం చెయ్యాలో తోచక నిలబడితే, మన కొత్త ఫాదరు గారు గొంతు సవరించుకున్నారు. "ఊరి కాపలాలో ఉన్నవాళ్ళైనా చాలనేగా మొక్కు? వీళ్ళిప్పుడు ఊరి కాపలాలోనే ఉన్నారు. మొక్కుకి సరిపోతారు" అన్నారు. ఆ మాటతో ఆయన మీద నిఘా ఎత్తేశాం.

ముందు నేనూ జొజెట్టూ, వెనక అనుమానితులిద్దరూ. రోష్ గడప దాటాడు. మూడేళ్ళ తరవాత ఆయన మొహం మీద ఎండ పడింది. క్లెమాన్స్ అవ్వ భోరుమంది. ఏడుపు ఆమెకొక్కదానికే వచ్చిందని అబద్ధం చెప్పను.

ఎత్తు ఎక్కేటప్పుడు వెనకనించి ఆయాసం వినబడింది. దించుదామా అన్నాను. "వద్దు. దించితే మళ్ళీ లేపలేం" అన్నాడు పొడుగాయన. మూసేసిన బడి దగ్గర రోష్‌ని ఆపి పిల్లల వైపు తిప్పడం ఆనవాయితీ. తిప్పాం. "పిల్లలేరీ?" అన్నాడాయన. లేరన్నాను. ఆయన అక్కణ్ణించి బరువంతా తన వైపుకే లాక్కుని మోశాడు, నా భుజానికి తెలిసింది.

చర్చిలో దించాక కళ్ళద్దాలు తీసి, జేబులోంచి కార్డు తీశాడు. వాలోన్. పక్కవాడు డ్రైవరు. ఆరుగురు మేయర్లు ఊరికే అడగరని తన కళ్ళతో చూడ్డానికొచ్చాడట. "ఇదేదో పొద్దున్నే చూపిస్తే ఈ బాధ తప్పేదిగా బాబూ" అంది లెయోనీ అవ్వ. ఆయన కార్డు మళ్ళీ జేబులో పెట్టేశాడు. "అధికారిగా నేను మోయకూడదమ్మా. అనుమానితుడిగా మోశాను. అలాగే ఉండనివ్వండి" అన్నాడు.

తరవాత నా వైపు తిరిగాడు. "మీ ఊరికి ప్రమాదం ఉందని మీరు రాస్తే నేను ఇంకేదో అనుకున్నాను మేయరు గారూ. ఉంది. చూశాను" అన్నాడు. బిషప్పు గారి కాగితం ఏదీ అని అడిగాడు. తెచ్చిచ్చాను. నా చెవి మీది కలమే తీసుకుని దాని మీద అడ్డంగా రాశాడు: భద్రతా కారణాల దృష్ట్యా ఈ విగ్రహమును లోసాక్ నుండి కదిలింపరాదు. కింద సంతకం, ముద్ర. ముద్ర కారులోనే ఉందట.

నా సంతకం అక్కర్లేకపోయింది తల్లీ. మేయరునయ్యాక ఇదే మొదటిసారి.

నీ
ఫెర్నాన్

తా.క.: ఆయన ఆఫీసుకొచ్చాక నీకు తెలిసినట్టు కనబడకు. భుజానికి రాసుకోవడానికి ఆవులకి వాడే తైలం పంపుతున్నాను, టెన్నిస్ ఆటగాళ్ళకి బాగా పనిచేస్తుందని చెప్పి ఇవ్వు.

ఇంకో తా.క.: ట్రూపెల్ స్వయంగా వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని. వచ్చే నెల వాళ్ళ మేరీమాత పండగట, మోసేవాళ్ళు వాళ్ళకీ లేరట. స్థాయి సంగతి ఎత్తనే లేదు. మీ ఆఫీసులో అనుమానితులు ఇంకా ఎవరైనా ఉంటే వాళ్ళకి పంపించు పాపం. నిన్ను మాత్రం వాళ్ళకివ్వం. వచ్చే ఏటికి నిన్ను మేం ఇప్పట్నించే అనుమానించి పెట్టుకున్నాం.